ఇంటి వ్యాపారానికి ఆన్‌లైన్ ప్రకటన ఎక్కడ ఇవ్వాలి? తిరుపతి, చిత్తూరు వాళ్లకు

"అక్కా, ఇన్‌స్టాలో వెయ్యి రూపాయలు పెట్టి బూస్ట్ చేస్తే ఆర్డర్లు వస్తాయా?"

వారానికి ఇద్దరైనా ఈ మాట అడుగుతున్నారు. పచ్చళ్లు పెట్టే ఆమె అడుగుతుంది, మగ్గం పని చేసే అమ్మాయి అడుగుతుంది, మొన్న కేకులు చేసే తమ్ముడొకడు అడిగాడు. అందరికీ ఫోన్‌లో విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే మేలనిపించింది.

నేను తిరుపతిలో ఇంటి నుంచే నిప్పట్లు, మురుకులు, పొడులు చేసి అమ్ముతాను. మొదటిసారి బూస్ట్ చేసినప్పుడు (అంటే డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించినప్పుడు) మూడు వేలు పెట్టాను. పేజీ పేరులో తిరుపతి అని ఉంది. ఎవరికి చూపించాలి అన్న చోట ఏమీ మార్చకుండా 'ఇండియా' అనే వదిలేశాను. వారంలో నూటపది మెసేజ్‌లు వచ్చాయి. సంబరంగా తెరిచి చూస్తే సగానికి పైగా "దర్శన్ టికెట్ మిలేగా?", "రూమ్ దొరుకుతుందా మేడమ్?", "మూడు వందల టికెట్లు ఎప్పుడు వదులుతారు?" నిప్పట్ల ధర అడిగింది తొమ్మిది మంది, కొన్నది ఇద్దరు. తప్పు పూర్తిగా నాదే.

మన ఊళ్లో వ్యాపారం చేసేవాళ్లకు ఉన్న చిక్కే ఇది. తిరుపతి పేరును దేశమంతా వెతుకుతుంది, కానీ అందులో మన సరుకు కొనేవాళ్లు కొంచెమే. కాబట్టి ఫేస్‌బుక్కా, గూగులా అన్న ప్రశ్న తర్వాత. కొనేది ఊళ్లోవాళ్లా, కొండకు వచ్చిపోయేవాళ్లా, బయటి ఊళ్లవాళ్లా అన్నది ముందు తేల్చుకుంటే, ప్రకటన ఎక్కడ ఇవ్వాలో సగం దానంతట అదే తేలిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర ఉంచుకోండి

- వ్యాపారానికి విడిగా ఒక ఫోన్ నంబరు. ఇంటి నంబరు ఇస్తే రాత్రి పదకొండుకు కూడా మోగుతుంది. మామూలు వాట్సాప్ ఒక నంబరు మీద, వాట్సాప్ బిజినెస్ (వ్యాపారానికి విడిగా ఉండే వాట్సాప్ యాప్) ఇంకో నంబరు మీద ఒకే ఫోన్‌లో నడుస్తాయి, రెండో ఫోన్ అక్కర్లేదు.
- పగటి వెలుతురులో తీసిన ఫొటోలు పది. మీవే అయి ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ పెడితే మొదటి ఆర్డరుకే గొడవ వస్తుంది.
- ధరల పట్టీ. పార్సిల్ ఖర్చు విడిగా రాయండి.
- తినే వస్తువులైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు. 14 అంకెలుంటుంది. ఇంట్లో చేసే చిన్న వ్యాపారానికి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఆ సంస్థ వెబ్‌సైట్ ఫాస్కాస్‌లో చేసుకోవచ్చు.
- ఒక నోటు పుస్తకం. దీని పని తర్వాత చెబుతాను.
- పోయినా నిద్ర పట్టేంత డబ్బు. రెండు వేలు అనుకుందాం. చీటీ డబ్బు, పిల్లల ఫీజు డబ్బు దీంట్లో పెట్టకండి.

1. మీ దగ్గర కొనేది ఎవరో ఒక్క వాక్యంలో రాయండి

"అందరూ కొంటారు" అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. ఇలా ఉండాలి: "భవానీ నగర్, కొర్లగుంట చుట్టుపక్కల ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లు, సాయంత్రం కర్రీలు కొంటారు." లేదా: "బెంగళూరులో ఉంటున్న మన చిత్తూరు వాళ్లు, ఊరి పిండివంటల కోసం." లేదా: "పెళ్లిళ్ల సీజన్లో బ్లౌజ్ కుట్టించుకునే చంద్రగిరి, తిరుచానూరు అమ్మాయిలు."

రాయలేకపోతే ఇప్పటిదాకా కొన్న చివరి ఇరవై మంది పేర్లు తీయండి. ఎక్కడుంటారు, ఎలా తెలిసి వచ్చారు? ఆ ఇరవై మందిలోనే జవాబు ఉంటుంది. ఇంకా ఇరవై మంది కొనలేదంటే ప్రకటనకు తొందరపడకండి. ముందు తెలిసినవాళ్లకు అమ్మి, ధరా, రుచీ, పార్సిలూ కుదిరాయో లేదో చూసుకోండి. సరుకు కుదరకముందే ప్రకటన ఇస్తే మన లోపం పదిమందికీ మనమే చాటుకున్నట్టు.

2. ఒక ఆర్డరు మీద ఎంత మిగులుతుందో లెక్క వేయండి

ఈ లెక్క లేకుండా ఎవరూ డబ్బు కట్టకండి. నా లెక్కలాంటిదే ఒకటి చూపిస్తాను. ఆర్డరు 600 రూపాయలు. పిండి, నూనె, గ్యాస్, డబ్బా, పార్సిల్ కలిపి 420. మిగిలేది 180. ఇందులోనే మీ కష్టం కూడా ఉంది, మర్చిపోవద్దు.

ఇప్పుడు ప్రకటనకు వెయ్యి పెట్టారనుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ. చేతి నుంచి పోయేది 1180. నలభై మెసేజ్‌లు వచ్చి ఆరు ఆర్డర్లు ఖాయమయ్యాయి. ఒక్కో ఆర్డరుకు దాదాపు 197 ఖర్చయింది. మిగిలేది 180. అంటే రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి, ఆర్డరుకు 17 రూపాయలు ఎదురు కట్టారు. ఫోన్‌లో మాత్రం నలభై మెసేజ్‌లు చూసి ప్రకటన బ్రహ్మాండంగా నడుస్తోందనిపిస్తుంది!

నా పద్ధతి ఇది: మిగిలేదాంట్లో మూడో వంతు వరకే ప్రకటనకు. 180లో 60. తినేవాటికి కొన్నవాళ్లు మళ్లీ వస్తారు కాబట్టి మొదటి నెల వంద దాకా ఓర్చుకుంటాను. మగ్గం బ్లౌజులాంటి వాటికి మిగిలేది ఎక్కువ, మళ్లీ రావడం తక్కువ, కాబట్టి మీ లెక్క వేరేగా ఉంటుంది. ఏదైనా సరే, అంకె ముందే పుస్తకంలో రాసి పెట్టండి. తర్వాత రాస్తే మనసు ఆ అంకెను పెంచేస్తుంది.

3. డబ్బు అడగని చోట్లు ముందు పూర్తి చేయండి

రెండే రెండు. వాట్సాప్ బిజినెస్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్‌లో వెతికితే మన వ్యాపారం వివరాలు కనిపించే చోటు). ఈ రెండూ సరిగ్గా లేకుండా డబ్బు కట్టి ప్రకటన ఇవ్వడం, చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఉంటుంది, 500 వస్తువుల వరకు పెట్టుకోవచ్చు. మనకు పదిహేను చాలు. ప్రతిదానికీ ఫొటో, బరువు, ధర. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాయకండి. చాలామంది అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు, మిగిలినవాళ్లకు జవాబులు చెప్పడానికే మీ పొద్దు గడిచిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో (ఒకే మెసేజ్ ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపేది) 256 మంది దాకా పడతారు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే ప్రతి పార్సిల్‌లో "ఈ నంబరు సేవ్ చేసుకోండి, పండగ సరుకు జాబితా పంపుతాం" అని ఒక చీటీ పెట్టండి.

గూగుల్ ప్రొఫైల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంటి దగ్గర చేసేవాళ్లు ఇక్కడే భయపడతారు. ఇంటి చిరునామా అందరికీ కనిపించనక్కర్లేదు. ఇంటికి తెచ్చిచ్చే వ్యాపారమైతే చిరునామా దాచి, మీరు వెళ్లే ప్రాంతాలు మాత్రమే చూపించవచ్చు. 20 ప్రాంతాల వరకు పెట్టుకోవచ్చు. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు తప్పకుండా ఇలాగే చేయండి. అయితే ఒకటి: కొనేవాళ్లను నేరుగా కలిసే వ్యాపారాలకే ఇది. సరుకంతా కొరియర్‌లోనే పోతుంది, ఊళ్లో ఎవరికీ ఇవ్వరు అంటే గూగుల్ నియమాలకు కుదరదు. అలాంటివాళ్లు దీన్ని వదిలి నాలుగో అడుగుకు వెళ్లండి.

వ్యాపారం నిజమైనదో కాదో చూడటానికి గూగుల్ చాలాసార్లు వీడియో అడుగుతుంది. వీధి, ఇల్లు, మీరు పనిచేసే చోటు, సామాను, వ్యాపారం పేరున్న కాగితమో, లేబులో చూపిస్తూ ఆపకుండా తీయాలి. కుట్టు మిషనో, కేక్ ఓవెనో చూపించి, దాని పక్కనే మీ పేరున్న డబ్బాలు పెట్టండి. ముందు రెండుసార్లు ఇంట్లో తిరిగి రిహార్సల్ చేసుకుంటే ఒక్కసారికే అయిపోతుంది.

జాగ్రత్త: పేరు చోట "లక్ష్మీ హోమ్ ఫుడ్స్ తిరుపతి బెస్ట్ పచ్చళ్లు చవక ధర" లాంటివి కుక్కకండి. లేబుల్ మీద ఏ పేరుందో అదే రాయాలి. లేకపోతే ప్రొఫైల్ ఆపేసే ప్రమాదముంది. రివ్యూ రాస్తే నిప్పట్ల ప్యాకెట్ ఉచితం అన్నా నియమాలకు విరుద్ధమే. ఊరికే అడగండి. సరుకు అందిన రోజు సాయంత్రం అడిగితే రాస్తారు, వారం తర్వాత అడిగితే రాయరు.

ఇంకో జాగ్రత్త: "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ప్రొఫైల్ ఆగిపోతుంది, 2,000 కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఈ ప్రొఫైల్‌కు గూగుల్ డబ్బు తీసుకోదు. ఓటీపీ అడిగితే అసలు చెప్పకండి.

4. కొనేవాళ్లను బట్టి చోటు ఎంచుకోండి

ఊళ్లోవాళ్లు కొనేవైతే (టిఫిన్లు, కర్రీలు, కేకులు, ఫాల్, పీకో, ట్యూషన్లు): మొదట గూగుల్ ప్రొఫైల్. తర్వాత అపార్ట్‌మెంట్, కాలనీ, స్కూలు తల్లుల వాట్సాప్ గ్రూపులు. అయితే ఆ గ్రూపుల్లో మీరే దూరి పోస్టు పెట్టకండి. అక్కడే ఉండే కస్టమర్ ఒకామె "నేను తెప్పించుకున్నా, బాగుంది" అంటే దానికున్న బలం మీ పోస్టుకు ఉండదు. యూనివర్సిటీ చుట్టూ హాస్టల్ పిల్లలు మీ కస్టమర్లైతే ఇన్‌స్టాగ్రామ్ వదలకండి, వాళ్లు ఫేస్‌బుక్ తెరవరు. స్విగ్గీ, జొమాటోల్లో చేరాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కావాలి, ప్రతి ఆర్డరు మీదా కమీషన్ పోతుంది. రెండో అడుగులోని లెక్కలో ఆ కమీషన్ కలిపి చూసి, అప్పటికీ మిగిలితేనే వెళ్లండి.

యాత్రికులు కొనేవైతే: గూగుల్ మ్యాప్ ఒక్కటే చాలు. రైలు దిగినవాళ్లు, కొండ దిగి ఆకలితో ఉన్నవాళ్లు ఫోన్ తీసి దగ్గర్లో ఏముందని వెతుకుతారు. వాళ్ల కోసం ఫేస్‌బుక్ ప్రకటన దండగ. ప్రకటన చూసి ఆలోచించుకునేలోపు రేణిగుంటలో రైలెక్కేస్తారు. ప్రొఫైల్ వివరణలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ ఒక్కో వాక్యం రాయండి. తెలిసినవాళ్లతో చదివించి మరీ పెట్టండి, యంత్రం చేసిన అనువాదం ఒక్కోసారి నవ్వులపాలు చేస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మిఠాయిలు చేసేవాళ్లు ఎంత ఆశ పుట్టినా "తిరుపతి లడ్డూ" అని ప్రకటనలో రాయకండి. ఆ పేరుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, హక్కు తిరుమల తిరుపతి దేవస్థానానిది. మీది బూందీ లడ్డు అయితే బూందీ లడ్డు అనే రాయండి. శ్రీకాళహస్తి కలంకారికి కూడా ఇలాంటి గుర్తింపు ఉంది. అది కలంతో చేతిపనిగా వేసేది. స్క్రీన్ ప్రింట్ చీరను ఆ పేరుతో అమ్మితే కొన్నవాళ్లూ ఊరుకోరు, వేసేవాళ్లూ ఊరుకోరు.

బయటి ఊళ్లవాళ్లు కొనేవైతే (పొడులు, పచ్చళ్లు, పిండివంటలు, కలంకారి, మాధవమాల చెక్క శిల్పాలు): ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ప్రకటన ఆ ఊళ్లలో చూపించండి, తిరుపతిలో కాదు. ఆర్టీసీ కార్గో, కొరియర్, స్పీడ్ పోస్టు, మూడింటి ధరలూ కనుక్కుని పెట్టుకోండి. నిప్పట్లు విరగకుండా చేరతాయా లేదా అన్నది ముందు మీ చుట్టాలింటికి పంపి చూడండి. నేను మొదట పంపినవి బెంగళూరు చేరేసరికి పొడి అయ్యాయి. "వదినా, పొడి కూడా బాగుంది" అని మా ఆడపడుచు వేళాకోళం చేసింది.

మీషో, అమెజాన్ లాంటి చోట్ల బట్టలు, చేతిపనులు పెట్టవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ నమోదు లేని చిన్నవాళ్లు కూడా సొంత రాష్ట్రంలోపల ఇలాంటి వేదికల ద్వారా సరుకు అమ్ముకునే వీలు కల్పించారు. దానికి పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి. బెంగళూరుకు పంపాలంటే అది రాష్ట్రం దాటినట్టే, అప్పుడు మామూలు జీఎస్టీ కావాలి. ఇక్కడ కనపడని ఖర్చు వాపసులు. ఒక చీర తిరిగొస్తే నాలుగు చీరల లాభం పోవచ్చు.

టోకున కొనేవాళ్లు కావాలంటే (విస్తరాకులు, పేపర్ ప్లేట్లు, కేజీల లెక్కన పొడులు): ఇండియామార్ట్, జస్ట్‌డయల్ లాంటి జాబితాలు. ఉచిత నమోదుతో రెండు నెలలు చూడండి. ఆ తర్వాతే డబ్బు కట్టే ప్యాకేజీ గురించి ఆలోచించండి. ఎవరైనా నోటితో "నెలకు ఇన్ని ఆర్డర్లు గ్యారంటీ" అంటే, అదే మాట మెయిల్‌లో రాసివ్వమనండి.

రెండు రకాల కస్టమర్లూ ఉంటే? ఎక్కువ మిగిలేవాళ్లతో మొదలుపెట్టండి. రెండు పడవలు తర్వాత.

5. మాటలు ఎంచుకోండి

దీనికి పావుగంట చాలు, కానీ చాలామంది వదిలేస్తారు. మనం నిప్పట్లు అంటాం, కోస్తావాళ్లు చెక్కలు అంటారు. మనకు చెనిక్కాయలు, ఇంకొకరికి పల్లీలు, పుస్తకంలో వేరుశనగ. ఓళిగలు, బొబ్బట్లు, భక్ష్యాలు అన్నీ ఒకటే. వెతికేవాళ్లు వాళ్ల మాటతోనే వెతుకుతారు. అందుకే మొదట మన పేరు, పక్కనే రెండో పేరు రాయండి: "నిప్పట్లు (చెక్కలు)". తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసేవాళ్లూ బాగా ఎక్కువ, కేటలాగ్‌లో అదీ ఒకసారి ఇవ్వండి.

బెంగళూరులో చూపించే ప్రకటనకు మాత్రం "చిత్తూరు నిప్పట్లు" అనే పెట్టండి. ఊరు వదిలి వెళ్లినవాళ్లకు ఆ మాట కనిపిస్తే వేలు ఆగుతుంది.

"షుగర్ తగ్గుతుంది", "మోకాళ్ల నొప్పులు పోతాయి" అని రాయవద్దు. రాగి పిండి అమ్మేవాళ్లు, నువ్వుల ఉండలు అమ్మేవాళ్లు దీంట్లో ఎక్కువ దొరుకుతున్నారు. రోగం నయమవుతుందని ప్రకటించడం చట్టం దృష్టిలో తప్పు, యాప్‌లు కూడా ప్రకటనను తీసేస్తాయి.

6. ఒక్క చోట, ఒక్క వారం, చిన్న మొత్తంతో పరీక్షించండి

ఇప్పుడు డబ్బు. ఒక చోటే. వెయ్యి రూపాయల్ని నాలుగు చోట్లకు పంచితే ఎక్కడా ఏమీ తేలదు.

ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్ అయితే:

క. లక్ష్యం అడిగినప్పుడు లైకులు, ప్రొఫైల్ చూడటం వద్దు. మెసేజ్‌లు ఎంచుకోండి, అవి వాట్సాప్‌కు వచ్చేలా పెట్టండి.

ఖ. ప్రాంతం దగ్గర 'ఇండియా' తీసేయండి. ఊళ్లో అమ్మేవైతే మ్యాప్‌లో పిన్ పెట్టి ఐదారు కిలోమీటర్ల వలయం గీయండి. వలయం పెద్దదిగా పెట్టేముందు అది ఎక్కడిదాకా పోతుందో చూడండి. తిరుపతి నుంచి 80 కిలోమీటర్లు పెడితే నగరి దాటి తిరుత్తణి, అరక్కోణం వస్తాయి. చిత్తూరు నుంచి 40 పెడితే కాట్పాడి, వేలూరు వస్తాయి. వాళ్లు కొనరని కాదు. వాళ్లకు తమిళంలో వేరే ప్రకటన కావాలి, తెలుగు ప్రకటన వాళ్లకు చూపించి ఏం లాభం?

గ. పిన్ పెట్టినా యాత్రికులు తప్పరు. ఆ ప్రాంతంలో ఉండేవాళ్లతో పాటు ఈమధ్య వచ్చి వెళ్లినవాళ్లకు కూడా ప్రకటన కనిపిస్తుంది. దీనికి నేను కనిపెట్టిన మందు: ప్రకటన మొదటి లైన్లోనే "కొర్లగుంట, బాలాజీ కాలనీ, భవానీ నగర్ వాళ్లకు ఇంటికే" అని కాలనీల పేర్లు వేయడం. ఊరి మనిషి ఆగుతాడు, యాత్రికుడు పైకి జరుపుకుంటూ వెళ్లిపోతాడు. పేజీ పేరులోంచి తిరుపతిని కూడా తీసేశాను. టికెట్ల ప్రశ్నలు దాదాపు ఆగిపోయాయి.

ఘ. రోజుకు 150, ఏడు రోజులు. జీఎస్టీతో 1239 అవుతుంది. మధ్యలో ఫొటో మార్చి, వలయం మార్చి, బడ్జెట్ మార్చి గెలకకండి. ఎవరికి చూపిస్తే పనవుతుందో ఆ యాప్ నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. మీరు మార్చినప్పుడల్లా మొదటికొస్తుంది. ఇది నాకు చాలా కష్టమైన నియమం, రెండో రోజే చేయి దురద పెడుతుంది.

గూగుల్‌లో డబ్బు కట్టి ప్రకటన ఇచ్చేవాళ్లు ఒక్క సెట్టింగ్ తప్పక చూడండి. ప్రాంతం ఎంచుకున్నాక 'లొకేషన్ ఆప్షన్స్' అని ఉంటుంది. అందులో మామూలుగా 'ప్రెజెన్స్ ఆర్ ఇంటరెస్ట్' ఎంచుకుని ఉంటుంది. అంటే తిరుపతిలో ఉన్నవాళ్లకే కాదు, తిరుపతి మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా. మన ఊరి మీద ఆసక్తి లేనివాళ్లు ఎవరు? నాగపూర్‌లో కూర్చుని దర్శనం గురించి వెతికే మనిషి నొక్కినా డబ్బు మీదే. దాన్ని 'ప్రెజెన్స్'కు మార్చండి. వేరే ఊరివాళ్లకు ఈ సెట్టింగ్ వల్ల పదో ఇరవయ్యో పోతుంది, మనకు అసలుకే ఎసరు.

పరీక్ష ఎప్పుడు చేస్తారన్నది కూడా చూసుకోండి. సంక్రాంతి ముందు వారం పిండివంటలకు ప్రకటన లేకున్నా ఆర్డర్లు వస్తాయి, అది ప్రకటన గొప్పతనం అనుకుంటారు. ఆషాఢంలో పెళ్లి బ్లౌజులకు పెడితే ఏమీ రావు, ప్రకటన పనిచేయదని వదిలేస్తారు. మామూలు వారంలో పరీక్షించండి. మగ్గం పనివాళ్లు శ్రావణానికి మూడు వారాల ముందు మొదలుపెట్టడం మంచిది, కుట్టడానికి టైము కావాలి కదా.

యాప్‌కు డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే ఇంకో దారి: ఊళ్లో తిండి గురించి, షాపింగ్ గురించి వీడియోలు చేసే ఇన్‌స్టా పేజీలు. అడిగేముందు వాళ్ల పోస్టుల కింద కామెంట్లు చదవండి. "ఎక్కడ? ఎంత?" అని ఊళ్లోవాళ్లు అడుగుతున్నారా, లేక అన్నీ పువ్వులు, మంట బొమ్మలేనా? ఫాలోవర్ల సంఖ్య కంటే అదే ముఖ్యం. డబ్బు తీసుకుని చేసే పోస్టయితే అది ప్రకటన అని అందులో చెప్పించండి.

7. ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోండి

నోటు పుస్తకం ఇప్పుడు తీయండి. గళ్లు ఐదు: తేదీ, పేరు, ఎక్కడ చూశారు, ఎంతకు కొన్నారు, కొత్తవాళ్లా పాతవాళ్లా.

"ఎక్కడ చూశారండీ?" అని అడిగితే పదిమందిలో ఏడుగురు "ఫోన్‌లో చూశాం" అంటారు. దాంతో మనకేం తెలుస్తుంది? ఇలా అడగండి: "గూగుల్ మ్యాప్‌లోనా, ఇన్‌స్టాలోనా, ఎవరైనా చెప్పారా?" మూడింట్లో ఒకటి చెప్పేస్తారు.

అడగడం ఇష్టం లేకపోతే, ఒక్కో చోట ఒక్కో చిన్న కానుక పెట్టండి. ఇన్‌స్టా ప్రకటనలో "చెనిక్కాయల పొడి చిన్న ప్యాకెట్ ఉచితం", గూగుల్ ప్రొఫైల్‌లో "కరివేపాకు పొడి చిన్న ప్యాకెట్ ఉచితం". ఏ పొడి అడిగారో చూస్తే ఎక్కడి నుంచి వచ్చారో తెలిసిపోతుంది. వాట్సాప్ బిజినెస్ లింకుకు ముందే నింపిన మెసేజ్ పెట్టే వీలు కూడా ఉంది. ఇన్‌స్టా బయోలో ఇచ్చే లింకుకు "ఇన్‌స్టాలో చూశాను, ధరలు పంపండి" అని పెడితే, వాళ్లు పంపే మొదటి మెసేజే మీకు లెక్క చెబుతుంది.

8. ఎనిమిదో రోజు కూర్చుని చూడండి

ఖర్చు (జీఎస్టీతో) భాగించాలి కొత్త ఆర్డర్లతో. వచ్చిన అంకెను రెండో అడుగులో రాసుకున్న అంకెతో పోల్చండి.

ఖర్చు ఆ అంకెకంటే తక్కువ వస్తే ఇంకో వారం అదే నడపండి, మెల్లగా పెంచండి. ఒకేసారి మూడింతలు చేయకండి. ఆర్డర్లు పెరిగి మీ చేతులు చాలకపోతే మొదటి కస్టమర్లే దూరమవుతారు.

ఖర్చు ఎక్కువ వస్తే ఎక్కడ తెగిందో వెతకండి. మెసేజ్‌లే రాలేదంటే ఫొటో లేదా ప్రాంతం సరిగా లేదు. మెసేజ్‌లు వచ్చి ధర విన్నాక మాయమయ్యారంటే ప్రకటనలో ధర వేయండి. వచ్చేవాళ్లు తగ్గుతారు, కొనేవాళ్లే వస్తారు. ధరకు ఒప్పుకుని డెలివరీ దగ్గర ఆగారంటే పార్సిల్ ఖర్చు చూసుకోండి. మీరు జవాబు మూడు గంటలు ఆలస్యంగా ఇచ్చారా? అయితే ప్రకటనను తిట్టకండి. వంట చేసే టైములో చూడటం కుదరదు కాబట్టి నేను ప్రకటనను సాయంత్రానికి పెట్టుకుంటున్నాను.

రెండు వారాలు మార్చి చూసినా అంకె దిగకపోతే ఆ చోటు వదిలేయండి. ఇంకో చోటుతో మళ్లీ ఆరో అడుగు నుంచి.

నేను తరచూ చూసే తప్పులు

ఫాలోవర్లను కొనడం. వచ్చేది ఊరూ పేరూ లేని ఖాతాలు. ఆ తర్వాత మీ పోస్టు అసలైన కస్టమర్లకు కూడా సరిగా కనిపించదు.

పక్కింటామె ఎక్కడ ఇచ్చిందో అక్కడే ఇవ్వడం. ఆమెది ట్యూషన్, మీది పచ్చడి!

ప్రకటనకు ఇంటి ఫోన్‌లో ఉన్న క్రెడిట్ కార్డు తగిలించి మర్చిపోవడం. ముగింపు తేదీ పెట్టకపోతే అది నడుస్తూనే ఉంటుంది. ముందుగా డబ్బు వేసుకుని వాడే పద్ధతి ఉంటే యూపీఐతో అది ఎంచుకోండి.

ప్రకటన ఇచ్చాక మోసగాళ్లు కూడా వస్తారు, ఇది గుర్తుంచుకోండి. "ఆర్మీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నా, ఇరవై కేజీలు కావాలి, డబ్బు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటారు. మనకు డబ్బు రావాలంటే స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే పోయేది మీ డబ్బే. ఒకవేళ పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పెద్ద ఆర్డరు ఎవరిదైనా సగం అడ్వాన్సు ఖాతాలో పడ్డాకే పొయ్యి వెలిగించండి.

చివరిగా, "అక్కా, నా దగ్గర ఐదు వందలే ఉంది" అనేవాళ్లకు. ప్రకటన ఇవ్వకండి. ఆ డబ్బుతో మీ వాట్సాప్ క్యూఆర్ కోడ్ ఉన్న స్టికర్లు ప్రింటింగ్ ప్రెస్‌లో కొట్టించి ప్రతి డబ్బా మూత మీద అంటించండి. నా పుస్తకంలో 'ఎవరైనా చెప్పారు' గడే ఇప్పటికీ అన్నింటికంటే నిండుగా ఉంది, వాళ్లలో చాలామంది చుట్టాలింట్లో డబ్బా మూత చూసి స్కాన్ చేసినవాళ్లే. మామూలు కాగితం స్టికర్‌కు నూనె మరక పట్టి కోడ్ పనిచేయదు, లామినేషన్ ఉన్నదే అడగండి. అంటించాక మీ ఫోన్‌తో కాకుండా వేరేవాళ్ల ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి చూడండి.